లచ్చుమమ్మ పట్టుకోని పిల్ల

అపరాధ పరిశోధన నవలలు రాస్తామంటూ ఈ మధ్య కొందరు పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. వచ్చినవాళ్లందరూ మొదట అడిగేది ఒకటే: హత్య ఎలా చేయించాలి? నేను వాళ్లను కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, హత్య సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ కథ వినేవాళ్లు ఎక్కడ కూర్చుని వింటారో చెప్పండి అంటాను. ముసలాయనకు మతి తప్పిందనుకుని, చాయ్ తాగి వెళ్లిపోతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఇక చాయ్ మాత్రం ఎవరిది వాళ్లే తాగాలి.

నేను పుట్టింది వనపర్తిలో. రాసింది గద్వాలలో. నా పుస్తకాలు అమ్ముడుపోయింది జాతరల్లో, రైలు స్టేషన్లలో. అవి నిజాం పాలన రోజులు. చదవడం వచ్చినవాళ్లు వాడకొకరు ఉంటే గొప్ప. అయినా నా నవలలు ఆడవాళ్లూ మగవాళ్లూ అందరికీ తెలుసు, ఎందుకంటే ఒకరు చదివితే పదిమంది వినేవారు. ఈ సంగతి అర్థం కాక చెడిపోయిన రచయితలను నేను చూశాను. కళ్లతో చదివే పుస్తకం వేరు, చెవులతో చదివే పుస్తకం వేరు.

పిస్తోలు లేని పరిశోధకురాలు

కోటు, టోపీ, నోట్లో చుట్ట, జేబులో పిస్తోలు ఉన్న డిటెక్టివులు అప్పటికే మద్రాసు దిక్కు నుంచి రైలెక్కి వస్తున్నారు. మా ఊళ్లలో అట్లాంటి మనిషి దిగితే ముందు కుక్కలు తరుముతాయి, తర్వాత పిల్లలు తరుముతారు. ఇక ఆయన పరిశోధించేది ఏముంది? అందుకని నేను గోపాల్‌పేట మంత్రసాని లచ్చుమమ్మను పుట్టించాను. ఆమెకు ఉన్నదల్లా ఒక చేతికర్ర, ఒక బట్టల మూట, బుగ్గన తమలపాకు.

మంత్రసానికి తెరుచుకోని తలుపు లేదు. దొరసాని గదిలోకి పోతుంది, కూలివాళ్ల గుడిసెలోకి పోతుంది. ఆడవాళ్లు అమ్మతో చెప్పనిది కూడా నొప్పుల్లో ఆమెతో చెబుతారు. విన్నదంతా బయట పెడితే మళ్లీ ఎవరూ పిలవరు కాబట్టి నోరు కట్టుకోవడం కూడా ఆమెకు తెలుసు. పరిశోధకుడికి ఇంతకంటే ఏం కావాలి?

జనం ఆమెను ఎంత నమ్మారంటే, ఉప్పునుంతల నుంచి ఒకాయన భార్యకు నొప్పులు మొదలయ్యాయని బండి కట్టుకుని గోపాల్‌పేటకు వచ్చి, లచ్చుమమ్మ ఇల్లు ఎక్కడని వీధి వీధీ తిరిగాడు. ఆ ఊరి అసలు మంత్రసాని అరుగు మీద కూర్చుని అంతా చూసి, చివరికి లేచి, "లచ్చుమమ్మ సచ్చిపోయింది నాయినా. నేను ఆమె చెల్లెల్ని. పా, బండి తిప్పు" అని ఎక్కి కూర్చుందట. ఆడపిల్ల పుట్టింది. లచ్చుమమ్మ అని పేరు పెట్టారు. నాకు జీవితంలో ఎవరూ శాలువా కప్పలేదు. ఆ పిల్ల పేరు చాలు.

ఇంకొకసారి ఊరి పోలీసు అధికారి అమీన్ సాబ్ నన్ను ఠాణాకు పిలిపించాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఏమయ్యా కిష్టప్పా, నీ కితాబులల్ల అమీన్ సాబ్ ఎప్పుడు చూసినా నిద్రపోతుండు. నేను నిద్రపోతనా?"

"మీరు కాదు హుజూర్. అది వేరే ఊరి అమీను."

"వేరే ఊరి అమీనుకు నా మీసాలెందుకు పెట్టినవ్?"

ఆ తర్వాతి నవలలో అమీనును మేలుకొలిపాను. మేలుకొని, జల్దీ జల్దీగా పోయి, ఏ పాపం తెలియని మనిషిని పట్టుకుని కూర్చుంటాడు. అమీన్ సాబ్ ఆ పుస్తకం చదివించుకుని, "చూసినవా, మేలుకుంటే ఎంత జల్దీ పట్టుకున్నడో!" అని నాకు జామకాయలు పంపించాడు. అధికారులతో పేచీ వస్తే ఏం చేయాలని అడిగేవాళ్లకు ఇదే నేను చెప్పేది. పాత్రను మేలుకొలపండి, మిగతాది అదే చూసుకుంటుంది.

ఊఁ కొట్టే మనిషి

గద్వాలలో నేను అద్దెకుండిన ఇల్లు నేతగాళ్ల వీధిలో ఎల్లవ్వది. ముందు గది నాది. వెనుక పెద్ద గదిలో ఆమె కొడుకు నాగప్ప గుంట మగ్గం. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు ఉండే గద్వాల చీరలు నేసేవాడు. మగ్గానికి నూలు కండెలు చుట్టి ఇచ్చే ఆడవాళ్లు రాట్నాలు ముందేసుకుని గోడ వెంట కూర్చునేవారు. చేతులకు పని, చెవులు ఖాళీ. రచయితకు ఇంతకంటే మంచి సభ ఎక్కడ దొరుకుతుంది?

పొద్దున రాసింది మధ్యాహ్నం వాళ్లకు చదివి వినిపించడం నా పద్ధతి. అది అయ్యాకే కాగితాలు హైదరాబాదు ప్రెస్సుకు పోయేవి. కథ పట్టు మీద ఉంటే నాగప్ప మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆపేసేవాడు. మగ్గం చప్పుడు ఆగిందంటే ఆ అధ్యాయం పండిందన్నమాట. "నీ హంతకుని సల్లగుండ, పెండ్లోళ్ల చీర మళ్లా ఎనకబడ్డది" అని ఎల్లవ్వ నన్ను తిట్టేది. తిట్టి, "తర్వాత ఏమైందిరా?" అనేది.

మా దిక్కు కథ చెప్పేవాడికి ఊఁ కొట్టే మనిషి ఒకరు ఉండాలి. ఊఁ రాకపోతే చెప్పేవాడు ఆగిపోతాడు. అందరూ కొడితే గోలవుతుంది కాబట్టి ఆ పని ఒకరికి అప్పజెబుతారు. మా ఇంట్లో ఆ పని ఈరమ్మది. ఇరవై దాటిన పిల్ల, అప్పటికి ఏడాది కిందటే వచ్చి కండెలు చుట్టడం నేర్చుకుంది. "మా చెల్లెలి మనుమరాలు" అని ఎల్లవ్వ వీధంతా చెప్పింది. ఎల్లవ్వకు చెల్లెలుందని అంతకుముందు నేనెన్నడూ వినలేదు. కానీ డిటెక్టివ్ నవలలు రాసేవాడికి ఇంట్లో జరిగేవి కనిపించవు.

ఈరమ్మ ఊఁ కొట్టడంలో ఎన్ని రకాలు! నమ్మితే పొట్టి ఊఁ. అనుమానం వస్తే చివర సాగదీసిన ఊఁ. దుర్మార్గుడు దొరికిపోయే సమయానికి ముక్కుతో గట్టిగా ఒక ఊఁ, వాడి వీపు మీద చరిచినట్టు. నేను తల ఎత్తకుండానే ఆ ఊఁలను బట్టి, ఎక్కడ కొట్టేయాలో ఎక్కడ పెంచాలో పక్కన పెన్సిలుతో గీసుకునేవాణ్ణి. నాకు గురువు ఎవరని అడిగితే పెద్ద పేర్లు చెబుతానని ఎదురుచూస్తారు. ఈరమ్మ ఊఁ, అంతే.

ముందు గుడ్డ కప్పు

మా ప్రెస్సాయన మంచి మనిషి. పుస్తకం మొదటి పేజీలో శవం లేకపోతే మాత్రం ఆయనకు అన్నం సహించేది కాదు. ఒక నవలలో వ్యవసాయ బావిలో దొరికిన పిల్ల శవంతో మొదలుపెట్టమన్నాడు. తడిసిన బట్ట, తెరుచుకున్న కళ్లు, అన్నీ వర్ణించమన్నాడు. నాకప్పుడు ఒంటినిండా ఉత్సాహం. బాగానే వర్ణించి, ఎల్లవ్వ ఇంట్లో చదివాను.

సగంలోనే ఎల్లవ్వ చెయ్యి ఎత్తింది. "కొడుకా, గా పిల్ల ఎవ్వరి బిడ్డనో. మొగోళ్లందరు చుట్టూ నిలబడి చూస్తుండ్రు. ముందు జర గుడ్డ కప్పు. తర్వాత కత చెప్పు."

ఆ పేజీ తీసేశాను. లచ్చుమమ్మ వస్తుంది, మూట విప్పుతుంది, తెల్లబట్ట తీసి ఆ పిల్ల మీద కప్పుతుంది, అప్పుడు మగవాళ్ల వైపు తిరిగి మాట్లాడుతుంది. అంతే రాశాను. ఆ రోజు గదిలో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఆ తర్వాత ప్రతి నవలలోనూ ఆమె ముందు గుడ్డ కప్పేది. కొన్నాళ్లకు జాతరల్లో నా పుస్తకం చదువుతుంటే శవం కనిపించగానే విన్నవాళ్లే "గుడ్డ కప్పు, గుడ్డ కప్పు" అని కేకలు వేసేవారట. ప్రెస్సాయన కూడా చివరికి ప్రకటనలో మూట బొమ్మ వేయించాడు.

మీకు నా మాట ఇది. చచ్చిపోయినవాళ్లు లేచి వచ్చి, నా గురించి ఇలా ఎందుకు రాశావని అడగలేరు. అడిగే నోరు లేనివాళ్ల గురించి రాసేటప్పుడు మనల్ని మనమే రెండుసార్లు అడగాలి. బతికి ఉండి అడగలేనివాళ్లు కూడా ఉంటారని నాకు ఇంకొంచెం ఆలస్యంగా తెలిసింది.

చీలిన తొవ్వ

నాగర్‌కర్నూల్ సంతలో ఒకసారి పుస్తకాలు అమ్మించడానికి పోయాను. చాయ్ దుకాణంలో, దొర ఉండే కోటలాంటి గడిలో పనిచేసే ఒక గుమాస్తా ఎవరితోనో గోడు వెళ్లబోసుకుంటున్నాడు.

"మా గడిల ఆడబాప పిల్ల ఉరికింది. ఏడాదైంది. దొర ఊరూరికి మనుషుల్ని పంపిండు. యాడ దొరుకుతలేదు. నన్ను చంపుకతింటుండు."

ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు, తెలియకపోవడం మంచిదే. ఆ రోజుల్లో దొర ఇంటి ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు, సామానుతో పాటు ఒక పేదింటి పిల్లను కూడా పంపేవారు. ఆమెను ఆడబాప అనేవారు. ఆమెకు పెళ్లి లేదు, జీతం లేదు, గడి దాటి పోయే హక్కు లేదు. గడి లోపల ఆమెకు జరిగేవి నేను ఏ నవలలోనూ వర్ణించలేదు, ఇక్కడా వర్ణించను.

నాకు జాలి కలిగింది. అబద్ధమెందుకు, జాలి కంటే ముందు కథ తట్టింది. "గడి దాటిన పిల్ల" అని పేరు కూడా తట్టింది. దొర పిలిపిస్తే లచ్చుమమ్మ వస్తుంది. పిల్ల ఏ దారిన పోయిందో ఆనవాళ్లు పట్టుకుంటూ వనపర్తి దాటి, బీచుపల్లి దగ్గర బుట్టలాంటి పుట్టి పడవెక్కి కృష్ణ దాటుతుంది. అక్కడికి మొదటి భాగం అయిపోయింది. ఆ సమయంలో నాకు కొంచెం జ్వరం తగిలి, ఇంట్లో చదివి వినిపించకుండానే ఆ భాగం ప్రెస్సుకు పంపించాను. ప్రెస్సాయన వెంటనే అచ్చు వేసి, "లచ్చుమమ్మ ఆ పిల్లను పట్టుకుంటుందా? రెండో భాగంలో చూడండి!" అని అట్ట మీద పెద్ద అక్షరాలు కొట్టించాడు.

రెండో భాగం రాయడానికి నేను నిజంగా బుర్ర పెట్టాను. కృష్ణ దాటి కొంత దూరం పోతే తొవ్వ చీలుతుంది. ఒకటి గద్వాలకు, ఒకటి అలంపూరుకు. చేతిలో ఏమీ లేని పిల్ల ఎటు పోతుంది? ఊరూ పేరూ అడగకుండా పని ఇచ్చే చోటు ఏది? ఆడవాళ్లు గుంపుగా కూర్చుని పని చేసే చోటు ఏది? కొత్త పిల్ల వచ్చిందని మగవాళ్లకు తెలియని చోటు ఏది? నా చుట్టూ ఉన్నదే నాకు జవాబు. గద్వాల నేతగాళ్ల వీధి, కండెలు చుట్టే పని. నా తెలివికి నేనే మురిసిపోయాను. చివరికి లచ్చుమమ్మ ఆ పిల్లను దొర దగ్గరికి తీసుకుపోతుంది, దొర మనసు కరిగి కన్నీళ్లు పెట్టుకుంటాడు, పిల్లను బాగా చూసుకుంటానని మాట ఇస్తాడు. మీరు నవ్వండి, పరవాలేదు.

ఆ మధ్యాహ్నం మొదట, అచ్చయిన భాగం చదివాను. ఈరమ్మ ఊఁలు చిన్నగా వస్తున్నాయి. నేను పట్టించుకోలేదు. తర్వాత కొత్త కాగితాలు తీశాను. గొంతు పెంచి చదివాను: "లచ్చుమమ్మ చీలిన తొవ్వ దగ్గర నిలబడి ఆలోచించింది. పేరు అడగకుండా కూలి ఇచ్చే పని ఒకటే. కండెలు చుట్టే పని. ఆమె గద్వాల తొవ్వ పట్టింది."

ఊఁ రాలేదు.

ఆగాను. కథ చెప్పేవాడు ఆగుతాడు కదా, అలవాటు. అయినా రాలేదు. తలెత్తి చూశాను. ఈరమ్మ తల వంచుకుని రాట్నం తిప్పుతూనే ఉంది. నూలు ఎప్పుడో తెగిపోయింది. వట్టి రాట్నం తిరుగుతోంది.

"ఇయ్యాల్టికి చాలు కొడుకా," అంది ఎల్లవ్వ.

కాసేపటికి ఆమే నా గదిలోకి వచ్చి గడప దగ్గర కూర్చుంది.

"గా పిల్లని లచ్చుమమ్మ పట్టుకుంటదా?"

"పట్టుకోకపోతే కత ఎట్లవ్వా?"

"పట్టుకొని ఎవ్వరికి అప్పజెప్తది?"

దొర కన్నీళ్లు గుర్తొచ్చి నాకే సిగ్గేసింది. అప్పటికి గానీ బుర్ర వెలగలేదు. ఏడాది కిందట గడి నుంచి పారిపోయిన పిల్ల, ఏడాది కిందట ఇంటికి వచ్చిన పిల్ల. "అవ్వా, మన ఈరమ్మ..." అన్నాను.

"ఈరమ్మ మా చెల్లెలి మనుమరాలు. కాదనెటోడు నా ముందర నిలబడి అనాలె," అంది ఎల్లవ్వ. "నీ బుక్కు నాగర్‌కర్నూల్ల గూడ సదువుతరు గదా? గడిల గూడ సదువుతరు గదా?"

చదువుతారు. అచ్చయ్యాక ఇంకోసారి నాగర్‌కర్నూల్ సంతకు పోయినప్పుడు గుమాస్తా చేతిలో ఆ మొదటి భాగం నేనే చూశాను.

ఆమె వెళ్లాక భయం వేసింది. దానితో పాటు, చెప్పక తప్పదు, మహా గర్వంగా కూడా ఉంది. నేను కల్పించిన ప్రతి అడుగూ నిజమేనన్నమాట! జీవితమంతా హత్యలూ దొంగతనాలూ రాశాను గానీ, నిజంగా నేను ఛేదించిన కేసు అదొక్కటే. ఆ గర్వాన్ని మెల్లగా మింగి, కాగితాలన్నీ చింపి ఎల్లవ్వ పొయ్యిలో వేశాను. ఆ పూట జొన్నరొట్టెలు ఆ మంట మీదే కాలాయి.

ప్రెస్సాయన నవ్విన మాట

చిక్కేమిటంటే, మొదటి భాగం అప్పటికే జనం చేతుల్లో ఉంది. లచ్చుమమ్మ కృష్ణ దాటేసింది. ఆమెను వెనక్కు తీసుకురాలేను. నా చేతిలో మిగిలింది ఆ చీలిన తొవ్వ ఒక్కటే. గద్వాల తొవ్వ మూసేశాను. ఆమెను అలంపూరు తొవ్వ పట్టించాను.

కొత్త భాగంలో లచ్చుమమ్మ అలంపూరులో తుంగభద్ర ఒడ్డుకు చేరి, పుట్టివాళ్లను అడుగుతుంది. ఆ పిల్ల పుట్టెక్కి అవతలి ఒడ్డుకు, కర్నూలు దిక్కు పోయిందని వాళ్లు చెబుతారు. అవతల ఇంగ్లీషు ఇలాకా, తెల్లవాళ్ల రాజ్యం. నిజాం వైపు దొర మాట అక్కడ చెల్లదు. లచ్చుమమ్మ ఒడ్డున నిలబడి కాసేపు చూసి, తిరిగి వచ్చి దొరకు చెబుతుంది. కథ అయిపోయింది.

ఈ ముగింపు పట్టుకుని రైలెక్కి హైదరాబాదు పోయాను. ప్రెస్సాయన నిలబడే చదివాడు. చదువుతుండగానే ముఖం కందగడ్డ అయింది.

"ఏందయ్యా ఇది? డిటెక్టివ్ ఓడిపోతదా? అట్ట మీద నేనేం కొట్టిచ్చిన? పట్టుకుంటుందా అని కొట్టిచ్చిన. పట్టుకోలేదు అంటే జనం నన్ను పట్టుకుంటరు!"

అసలు కారణం ఆయనకు చెప్పలేను. చెబితే ఆ రహస్యం ఎల్లవ్వ ఇల్లు దాటిపోతుంది. రకరకాలుగా బతిమాలాను. నవీన పద్ధతి అన్నాను, మూడో భాగం రాస్తానన్నాను, చివరికి ఆరోగ్యం బాగాలేదన్నాను. ఆయన తల అడ్డంగా ఊపుతూ చివరి పేజీ తిప్పాడు. అక్కడ దొర కోపంతో అరుస్తాడు: ఆ పిల్లను ఎందుకు వెనక్కి తీసుకురాలేదని. లచ్చుమమ్మ తమలపాకు ఉమ్మి ఇలా అంటుంది:

"దొరా, నేను మంత్రసానిని. పిల్లల్ని బయటికి తెచ్చుడే నాకు తెల్సు. లోపలికి తోసుడు నాకు రాదు."

ప్రెస్సాయన ఆగిపోయాడు. మళ్లీ చదివాడు. కుర్చీలో కూర్చున్నాడు. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత లోపల అక్షరాలు కూర్చేవాళ్లు తొంగి చూసేలా నవ్వాడు. "పో, అచ్చెయ్యమను," అన్నాడు. "ఓడిపోయినా పరవాలే. గీ ముసల్దాని నోరు గెలిచింది."

పై మనిషిని ఒప్పించాలంటే వాదన చాలదు, మంచి మాట ఒకటి కావాలి. ఇది నేను ముప్పై చోట్ల చెప్పాను, ఒక్కరూ వినలేదు.

అలంపూరు పుట్టివాళ్లు

పుస్తకం బయటికి వచ్చిన కొన్నాళ్లకు నాగప్ప చీరలు తీసుకుని అలంపూరు పోయి వచ్చాడు. వచ్చినవాడు కాళ్లు కడుక్కోకుండానే వాకిట్లో పడి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏందిరా, ఏమైంది?" అంది ఎల్లవ్వ.

"గడి గుమాస్తా అలంపూరుకొచ్చిండమ్మా! బుక్కు చేతిల పట్టుకొని వచ్చిండు! పుట్టోళ్లని నిలబెట్టి, గిట్ల గిట్ల ఒక పిల్ల నది దాటిందా అని అడిగిండు."

రాట్నాలన్నీ ఆగాయి. ఈరమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"మరి వాళ్లేమన్నరు?" అన్నాను.

"ఏమంటరన్నా! అందరు నీ కత విన్నోళ్లే. ఒగడు, అవునయ్యా, నా పుట్టిలనే దాటింది, పచ్చ చీర కట్టింది అన్నడు. ఇంకొగడు లేచి, నీ పుట్టికి తూటు, నీ పుట్టిల ఎవరెక్కుతరు, నా పుట్టిలనే ఎక్కింది, ఎర్ర చీర అన్నడు. మూడోవాడొచ్చి, ఆ పొద్దు గాలి దుమారం, నేను లేకుంటే మునిగిపోతుండె, నాకు దండం బెట్టి దిగింది అన్నడు. ఇగ వాళ్లల్ల వాళ్లే కొట్లాటకు దిగిండ్రు. ఆ పిల్లని నేను దాటిచ్చిన అంటే నేను దాటిచ్చిన అని! గుమాస్తా నడిమిట్ల నిలబడి, పచ్చనా ఎర్రనా, పచ్చనా ఎర్రనా అని అడుగుతుండు పాపం."

"చివరికేమైంది?"

"ఏమైతది! రెండు చీరలు రాసుకొని పోయిండు. దొరకు ఏం చెప్తడో ఏమో. పిల్ల ఇంగ్లీషు ఇలాకాల ఉన్నదని అలంపూరంతా గంగ మీద ఒట్టేసింది."

ముందు ఎల్లవ్వ నవ్వింది. పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వింది. తర్వాత అందరూ. ఈరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఆ పుట్టివాళ్లలో ఒక్కరికీ అట్లాంటి పిల్ల నిజంగా ఉందని తెలియదు. కథలో పిల్లను కాపాడిన పేరు తమకు రావాలనే వాళ్ల ఆరాటమంతా. నా పాఠకులంటే నాకు ఎప్పుడూ ఇష్టమే గానీ, ఆ రోజు నుంచి వాళ్లంటే గౌరవం.

గుమాస్తా మళ్లీ రాలేదు. ఈరమ్మ ఊఁలు మళ్లీ మొదలయ్యాయి. కొత్త ముగింపు చదివి వినిపించినప్పుడు, మంత్రసాని మాట దగ్గర ఆమె కొట్టిన ఊఁకు నాగప్ప మగ్గంలో దారం తెగింది.

చింపేసిన కథ

ఆ తర్వాత చాలా నవలలు రాశాను. చేతబడి లాంటి బాణామతి చేసిందని జనం కొట్టబోయిన ముసలమ్మ కథ, బడికి పోనివ్వని పిల్ల కథ, అన్నిట్లోనూ లచ్చుమమ్మ ముందు గుడ్డ కప్పింది, తర్వాత నోరు విప్పింది. నేరస్తుణ్ణి పట్టుకోవడం ఎలా అన్నది నాకు మొదటి నుంచీ తెలుసు. ఎవరిని పట్టుకోకూడదో తెలుసుకోవడానికే ఒక జీవితం పట్టింది. వినడానికి కష్టమైన విషయాలు రాయవద్దని నేను ఎవరికీ చెప్పను. రాయండి. ఆ కష్టం పడి బతుకుతున్న మనిషి మీ ఎదురుగా కూర్చుని కండెలు చుడుతోందనుకుని రాయండి.

నిజాం రాజ్యం పోయింది. గడీలకు తాళాలు పడ్డాయి. ఆ దొర కూడా ఊరు విడిచి హైదరాబాదు పోయాడని తెలిసింది. అప్పటికి ఈరమ్మకు పక్క వీధిలో సొంత ఇల్లు, పెళ్లి, ఇద్దరు పిల్లలు. ఇల్లంతా వినపడేలా మొగుణ్ణి పిలిచే గొంతు కూడా వచ్చింది. మధ్యాహ్నం అయ్యేసరికి మాత్రం రాట్నం చంకన పెట్టుకుని ఎల్లవ్వ ఇంటికి వచ్చేది.

ఒక రోజు నేను కాగితాలు విప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నా, ఇయ్యాల అది వద్దు. నువ్వు చింపేసిన కత ఉంది గదా, అది చెప్పు."

"చింపి పొయ్యిల వేసిన గదమ్మా."

"నోటితోటి చెప్పు."

ఎల్లవ్వ వైపు చూశాను. ఆమె రాట్నం తిప్పుకుంటూ నా వైపు చూడనే లేదు. సరే అని మొదలుపెట్టాను. లచ్చుమమ్మ వనపర్తి దాటింది. ఊఁ. బీచుపల్లిలో పుట్టెక్కింది. ఊఁ. కృష్ణ దాటి చీలిన తొవ్వ దగ్గర నిలబడింది. ఊఁ. "ఆమె గద్వాల తొవ్వ పట్టింది" అని ఆగాను.

"ఊఁ," అంది ఈరమ్మ. పొట్టిగా, గట్టిగా.

నాగప్ప మగ్గం ఆగింది. నేను ముందుకు పోయాను. లచ్చుమమ్మ నేతగాళ్ల వీధిలోకి వచ్చింది. ఒక ఇంటి ముందు నిలబడింది. లోపల ఒక పిల్ల కండెలు చుడుతోంది. పాత కథలో ఆమె "పోదాం పా" అంటుంది. ఆ మాట ఇప్పుడు నా నోట రాదు. అప్పటికప్పుడు తోచింది చెప్పాను:

"లచ్చుమమ్మ గడపల కూసొని, నీళ్లడిగి తాగింది. తాగి, బిడ్డా, నీ అసలు పేరేంది అని అడిగింది."

ఈరమ్మ రాట్నం ఆపింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. అందరి ముందూ, తల ఎత్తి, అన్నేళ్లలో ఎవరికీ చెప్పని తన పేరు చెప్పింది.

ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆమెది.

ఎల్లవ్వ రాట్నం ఆపకుండానే, మా ఇద్దరి వైపూ చూడకుండానే, "ఊఁ" అంది.